ఫోను తెరలలో వెనుకకు వచ్చు దారి

ఖరీఫ్ ఆరంభములో ఒక ఉదయము పని మీద మధురవాడ రైతుబజారుకు పోయి ఉంటిని. ఆనందపురము మండలము నుండి వంకాయలు, బెండకాయలు తెచ్చు ఒక రైతు సోదరి ఆనాడు తొమ్మిది గంటలకే సరకంతయు అమ్ముకొన్నది. పిమ్మట రహదారికి ఆవల ఉన్న విత్తనముల దుకాణములో బీర విత్తనములు, కొంత ఎరువు, మొత్తము 1,460 రూపాయల సరకు తీసికొన్నది. సొమ్ము ఫోనుతో చెల్లింపబోయినది. రహస్య సంఖ్య కొట్టిన తరువాత తెరమీద ఒక చక్రము తిరుగుట మొదలిడి ఎంతకును ఆగలేదు. ఆమెకు భయము పుట్టి వెనుకకు పోవు గుర్తును రెండుసార్లు నొక్కినది. మొదటి తెర వచ్చినది. సొమ్ము పోలేదనుకొని తిరిగి అంతయు మొదటి నుండి చేసినది. ఈసారి వెంటనే పచ్చని గుర్తు వచ్చినది. దుకాణదారు సరకు కట్టి ఇచ్చినాడు.

పావుగంట తరువాత ఆమె ఫోను పట్టుకొని నా వద్దకు వచ్చినది. బ్యాంకు నుండి రెండు సందేశములు వచ్చియున్నవి. 1,460 ఒకసారి, మరల 1,460 ఒకసారి ఖాతా నుండి తీసివేయబడినవి.

"ఎనక్కొచ్చీసేను గదా బాబూ, మొదటి డబ్బులు ఆగిపోనేదేటి?" అని అడిగినది.

దుకాణదారుని అడిగితిమి. అతడు తన ఫోను చూపి, "నా కాడికి ఒక్కసారే వచ్చిందప్పా, కావలిస్తే నువ్వే చూడు" అన్నాడు. అతని మాట నిజమే. ఆ రెండవ 1,460 రూపాయలు ఆనాడు ఆమె పొలములో కలుపు తీయుచున్న కూలీలకు సాయంత్రము ఇవ్వవలసిన సొమ్ము.

రైతు సోదరులారా, సోదరీమణులారా, ఆమె అడిగిన ప్రశ్న చిన్నది కాదు. నేడు వాతావరణ సూచన మొదలు కిసాన్ సొమ్ము వరకు మనకు కావలసిన పనులు అనేకము ఫోను తెరల మీద జరుగుచున్నవి. ముందుకు పోవుట అందరికిని త్వరగనే పట్టుబడును. ఎచట నొక్కవలెనో తెరయే చెప్పును. వెనుకకు వచ్చుట మాత్రము ఎవరును నేర్పరు. ఇంటిలో పిల్లవాడు ఫోను లాగుకొని రెండు క్షణములలో సరిచేసి ఇచ్చును గాని, ఏమి చేసెనో చెప్పడు. కావున ఈ వ్యాసములో ఆ ఒక్క విషయమునే కొంత నెమ్మదిగా చూతము.

బండి మీది బస్తాలు

ఫోను మీరు చూచిన తెరలను ఎట్లు గుర్తు పెట్టుకొనును? బండి మీద బస్తాలు వేయునట్లు ఒకదానిపై నొకటిగా పేర్చును. యాప్ తెరువగానే మొదటి తెర అడుగు బస్తా. అందులో ఒక గుర్తు నొక్కినచో వచ్చు రెండవ తెర దాని పై బస్తా. ఇట్లు నాలుగు తెరలు లోపలికి పోయినచో నాలుగు బస్తాల దొంతర అగును. మీకు కనబడునది ఎల్లప్పుడును అన్నిటికంటె పైన ఉన్నదే. వెనుకకు పోవు మీట నొక్కుట యనగా పై బస్తాను దింపుట. చివర వేసినది మొదట దిగును. మొదట వేసినది చివర దిగును. ఆనందపురములో బయలుదేరి మారికవలస, కొమ్మాది దాటి మధురవాడ చేరిన మనిషి తిరుగు ప్రయాణములో మొదట కొమ్మాదిని, తరువాత మారికవలసను చూచుట వంటిదే ఇదియు.

ఇట్టి దొంతర పద్ధతి ఫోనులతో పుట్టినది కాదు. కంప్యూటరు లెక్కలకు దీనిని వాడు విధమును జర్మనీలో ఫ్రీడ్రిక్ బవర్, క్లాస్ సామెల్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1957లోనే పేటెంటుకు దరఖాస్తు చేసిరి. 1993లో వచ్చిన మొజాయిక్ అను బ్రౌజరులో చూచిన పుటకు తిరిగి పోవుటకు బాణపు గుర్తు ఉండెను. దాని సంతతియే నేడు మన చేతిలో ఉన్నది.

ఈ బస్తాల పోలికలో రెండు సంగతులు దాగి ఉన్నవి. మొదటిది: దింపిన బస్తా దొంతరలో మిగులదు. అనగా మీరు ఒక తెరలో పేరు, సర్వే నంబరు, ఖాతా సంఖ్య వ్రాసి, భద్రపరచక ముందే వెనుకకు వచ్చినచో ఆ వ్రాసినది సాధారణముగా పోవును. మరల ఆ తెరకు పోయినచో ఖాళీ గళ్లే కనబడును. కొన్ని యాప్‌లు దయతో దాచి ఉంచును గాని దానిని నమ్ముకొనరాదు. రెండవది: వెనుకకు వచ్చుట వేరు, చేసిన పని రద్దగుట వేరు. విత్తులు చల్లిన తరువాత అడుగులు వెనుకకు వేసికొనుచు గట్టు మీదికి వచ్చినంత మాత్రమున విత్తులు గంపలోనికి తిరిగి రావు. తెర మారును. పంపిన సమాచారము పోయినదే. మన సోదరికి జరిగినది ఇదియే. ఆమె రహస్య సంఖ్య కొట్టిన క్షణముననే చెల్లింపు ఆజ్ఞ ఫోను దాటి బ్యాంకుకు బయలుదేరినది. తరువాత ఆమె వెనుకకు వచ్చినది తెరలలోనే గాని, ఆ ఆజ్ఞ వెనుకకు రాలేదు.

మూడు గుర్తులు

మనలో ఎక్కువ మంది చేతిలో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోనులు. వాటి అడుగున మూడు గుర్తులుండును. త్రిభుజము గాని, గిలక బాణము గాని ఉన్నది వెనుకకు పోవునది. నడిమి వృత్తము లేక చతురము ముఖపు తెరకు పోవునది. మిగిలినది ఇటీవల వాడిన యాప్‌లన్నిటిని పలకల వలె పరచి చూపునది. చిక్కెక్కడ వచ్చుచున్నదనగా, అన్ని ఫోనులలోను ఈ గుర్తులు ఒకే వరుసలో లేవు. కొన్ని ఫోనులలో వెనుకకు పోవునది ఎడమ ప్రక్కన, శాంసంగ్ వంటి వానిలో కుడి ప్రక్కన ఉండును. తండ్రి ఫోనుకు అలవాటు పడిన చేయి కొడుకు ఫోనులో తప్పు మీట నొక్కుట ఇందువలననే. సెట్టింగ్సులో ఈ వరుసను మార్చుకొను వీలు అనేక ఫోనులలో కలదు. ఇంటిలోని ఫోనులన్నిటిని ఒకే వరుసకు తెచ్చుకొనుట మంచిది.

వెనుకటి బొత్తాముల ఫోనులలో ఈ బాధ తక్కువ. తెర అడుగున కుడి ప్రక్క 'బ్యాక్' అను మాట ఉండెడిది, దాని క్రింది మీట నొక్కెడివారము. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనుకు కూడ వెనుకకు పోవుటకు నిజమైన మీట ఉండెను. 2011లో వచ్చిన 4వ ఆండ్రాయిడ్‌తో ఈ మీటలు తెర మీది బొమ్మలుగా మారినవి. 2019లో వచ్చిన 10వ ఆండ్రాయిడ్‌తో ఆ బొమ్మలు కూడ లేకుండ వాడుకొను పద్ధతి వచ్చినది. దానిలో తెర అంచు మీద, ఎడమ వైపు గాని కుడి వైపు గాని, వ్రేలు పెట్టి లోపలికి జరిపినచో వెనుకకు పోవును. అడుగు నుండి పైకి జరిపినచో ముఖపు తెర వచ్చును. పైకి జరిపి కొంచెము సేపు ఆపినచో యాప్‌ల వరుస వచ్చును. క్రొత్త ఫోను కొన్నప్పుడు "మీటలు లేవు, ఫోను పాడైనది" అని దుకాణమునకు తిరిగి తెచ్చినవారిని నేనెరుగుదును. ఫోను పాడు కాలేదు, పద్ధతి మారినది.

అంచు నుండి వ్రేలు జరుపు ఈ పద్ధతి పట్టణములో వాడుకకు ముచ్చటగనే ఉండును. పొలములో నిలబడి వాడువారికి మాత్రము నేను దీనిని అంతగా సిఫారసు చేయను. ఈ తెరలు వ్రేలిలోని విద్యుత్ గుణమును బట్టి పనిచేయును. చేయి తడిసియున్నను, తెర మీద చినుకులున్నను, వ్రేలికి బురద యున్నను స్పర్శ సరిగా అందదు. ఇదిగాక, తెగులు సోకిన ఆకుల ఫొటోలను ఒకదాని తరువాత ఒకటి ప్రక్కకు జరిపి చూచునపుడు, వ్రేలు అంచు నుండి మొదలైనచో బొమ్మ మారుటకు బదులు మొత్తము బయటికి వచ్చివేయును. కావున వయసు మళ్లినవారును, తడి చేతులతో పనిచేయువారును మూడు మీటల పద్ధతినే పెట్టుకొనవలెను. సెట్టింగ్సు తెరచి, పైన వెదకు గడిలో 'నావిగేషన్' అని వ్రాసినచో ఆ ఏర్పాటు కనబడును. అందులో మూడు బటన్లది ఎన్నుకొనవలెను. ఒక్కసారి చేసినచో చాలును.

క్రొత్త ఆండ్రాయిడ్ ఫోనులలో మరియొక సౌకర్యము కలదు. అంచు నుండి వ్రేలిని మెల్లగా జరిపినచో వెనుక ఏ తెర ఉన్నదో తొంగి చూపును. అది మీకు కావలసినది కాకున్న వ్రేలిని తిరిగి అంచుకు తీసికొని పోయి వదలినచో ఉన్నచోటనే ఉందురు. ఇందుకు సిద్ధము చేసిన యాప్‌లలోనే ఇది పనిచేయును.

ఐఫోను వాడువారి సంగతి వేరు. 2007లో వచ్చిన నాటి నుండి దానికి వెనుకకు పోవు ప్రత్యేకపు మీట లేదు. ప్రతి యాప్‌లోను తెర పైభాగమున ఎడమ మూల బాణపు గుర్తుండును. 2013 నుండి ఎడమ అంచు నుండి లోపలికి వ్రేలు జరిపినను వెనుకకు పోవును. ఒక యాప్ నుండి మరియొక దానిలోనికి వచ్చినపుడు పై మూల చిన్న అక్షరములలో మొదటి యాప్ పేరు కనబడును. దానిని నొక్కినచో బయలుదేరిన చోటికి చేరుదురు.

పై బాణము, క్రింది బాణము

ఆండ్రాయిడ్ వాడువారిలో చాల మందికి గల సందేహమొకటి. అడుగున ఒక వెనుక గుర్తు ఉండగా, యాప్ తెర పై మూల మరియొక బాణము ఎందులకు? రెండును ఒకటే కదా! ఎక్కువ వేళల ఒకటే. కాని అన్ని వేళల కాదు.

అడుగున ఉన్నది మీరు నడచి వచ్చిన దారిని బట్టి పనిచేయును. పై మూల ఉన్నది ఆ యాప్ యొక్క ఇంటి అమరికను బట్టి పనిచేయును. ఉదాహరణకు, మీ అన్నగారు వాట్సాప్‌లో ఒక లంకె పంపినారు. దానిని నొక్కగా ఒక యాప్‌లో వరి తెగుళ్లను గూర్చిన పుట నేరుగా తెరుచుకొన్నది. మీరు ఆ యాప్ ముఖద్వారము గుండ పోలేదు, దొడ్డి తలుపున నేరుగా వంటింటిలోనికి పోయినారు. ఇప్పుడు అడుగున ఉన్న వెనుక గుర్తు నొక్కినచో తిరిగి అన్నగారి సందేశము వద్దకు వత్తురు. పై మూల బాణము నొక్కినచో ఆ యాప్‌లోనే ఉండి, పంటల జాబితాకో మొదటి పుటకో చేరుదురు. పై బాణము మిమ్ములను యాప్ దాటి బయటికి తీసికొని పోదు. బయటికి పోవలెనన్న క్రింది గుర్తు, ఆ యాప్‌లోనే ఇంకను చూడవలెనన్న పై బాణము అని గుర్తుంచుకొనిన చాలును.

కొన్ని యాప్‌లు చేసినవారు ఈ నియమమును సరిగా పాటింపరు. అది వాడువారి తప్పు కాదు.

మరి రెండు చిన్న విషయములు ఇచటనే చెప్పవలెను. అక్షరముల పలక తెరమీద లేచియున్నపుడు వెనుక గుర్తును ఒకసారి నొక్కినచో ఆ పలక మాత్రమే దిగును, తెర మారదు. ఇది తెలియక "నొక్కితిని, పోలేదు" అని వెంటవెంట నొక్కినచో రెండవ నొక్కుతో వ్రాయుచున్న తెర కూడ పోవును. వ్రాసినదంతయు వృథా. నొక్కిన తరువాత ఒక్క క్షణము ఆగి ఏమి మారెనో చూడవలెను. రెండవది, మొదటి తెరకు వచ్చిన తరువాత ఇంకొకసారి నొక్కినచో కొన్ని యాప్‌లు "బయటికి పోవుటకు మరల నొక్కుము" అని అడుగును. అది హెచ్చరిక. అడుగు బస్తా దింపబోవుచున్నారని అర్థము.

ఓటీపీ వచ్చినప్పుడు

దారి తప్పుట ఎక్కువగా జరుగునది ఇచటనే గనుక కొంత వివరముగా చెప్పుచున్నాను.

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి పథకమును 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించిరి. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా 2,000 చొప్పున ఖాతాలో పడును. ఇందుకు ఈ-కేవైసీ చేయించుకొనవలెను. ఆధార్‌తో కలిపిన ఫోనుకు వచ్చు ఓటీపీతో గాని, వ్రేలిముద్రతో గాని, 2023 జూన్ నుండి యాప్‌లో ముఖమును చూపి గాని దీనిని పూర్తి చేయవచ్చును.

ఓటీపీతో చేయు రైతు ఏమి చేయుచున్నాడు? ఆధార్ సంఖ్య వ్రాసి, ఓటీపీ పంపమని నొక్కును. ఓటీపీ సందేశముగా వచ్చినట్లు ఫోను మ్రోగును. ఆ సందేశము చదువుటకు వెనుక గుర్తును నొక్కి, నొక్కి, ముఖపు తెరకు వచ్చి, సందేశముల యాప్ తెరచి, సంఖ్యను కంఠస్థము చేసికొని, తిరిగి మొదటి యాప్ తెరచును. అచట ఓటీపీ వ్రాయు గడి లేదు! మొదటి పుట ఉన్నది. ఎందుకనగా, వచ్చుచు వచ్చుచు ఆ గడి ఉన్న తెరను తానే దొంతర నుండి దింపివేసినాడు. తిరిగి మొదలిడినచో క్రొత్త ఓటీపీ వచ్చును, పాతది చెల్లదు. రెండు మూడు సార్లు ఇట్లు జరిగిన పిమ్మట "సర్వరు లేదట" అని ఫోను జేబులో వేసికొని పోవును. సర్వరు లేని రోజులును ఉండును, ఒప్పుకొందము. కాని ప్రతిసారి దోషము దానిది కాదు.

చేయవలసినది ఇది. ఓటీపీ వచ్చినపుడు వెనుక గుర్తు ముట్టుకొనరాదు. తెర పై అంచు నుండి వ్రేలిని క్రిందికి జరిపినచో వచ్చిన సందేశములు పరదా వలె దిగును. సంఖ్య అచటనే చదువవచ్చును. చదివి, పరదాను పైకి త్రోసివేసినచో మీ తెర ఉన్నది ఉన్నట్లే ఉండును. పరదాలో కనబడనిచో యాప్‌ల వరుస చూపు గుర్తును నొక్కి, సందేశములకు పోయి, తిరిగి అదే గుర్తుతో మొదటి యాప్ పలకను ఎన్నుకొనవలెను. ఈ గుర్తు బస్తాలను దింపదు. ఒక బండి నుండి మరియొక బండికి చూపు మార్చునంతే. నడిమి గుర్తు కూడ ఇట్టిదే. అది తెరను మరుగుపరచును గాని తీసివేయదు. అయితే తక్కువ జ్ఞాపకశక్తి గల చవక ఫోనులలో, మరుగున పడిన యాప్‌ను ఫోను తనంత తానుగా మూసివేయుట కలదు. కావున చాల సేపు వదలిపెట్టరాదు.

పెద్ద దరఖాస్తులను నాలుగైదు పుటలుగా విడదీసి ఇచ్చినపుడు, వెనుకటి పుటలో తప్పు దిద్దుకొనవలెనన్న, ఆ దరఖాస్తులోనే 'మునుపటి' లేక 'ప్రీవియస్' అను మీట ఉన్నదేమో మొదట చూడవలెను. అది వ్రాసినదానిని ఉంచి వెనుకకు తీసికొని పోవుటకు చేసినది. ఫోను అడుగున ఉన్న గుర్తు ఆ దరఖాస్తు సంగతి ఎరుగదు. ముఖ్యముగా బ్రౌజరులో నింపునపుడు ఈ తేడా కొంపముంచును. పంపిన తరువాత వెనుకకు వచ్చి మరల పంపినచో ఒకే దరఖాస్తు రెండుసార్లు పోవు ప్రమాదము కూడ ఉన్నది.

వాతావరణ సూచనలో ఒక అభ్యాసము

చేతికి అలవాటగుటకు సొమ్ముతో పని లేని యాప్‌తో మొదలిడుట క్షేమము. 2019లో వచ్చిన 'మేఘదూత్' ఇందుకు బాగుగా పనికివచ్చును. భారత వాతావరణ శాఖ, భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదలగు సంస్థలు కలసి చేసినది ఇది. తెలుగులో కూడ కలదు. ప్రతి మంగళ, శుక్రవారములలో జిల్లావారీగా పంటల సలహాలు ఇందులో వచ్చును.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్టణము జిల్లా విశాఖపట్టణము, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అను మూడు జిల్లాలైనది. కావున ఏ యాప్‌లోనైనను జిల్లా ఎన్నుకొనునపుడు తప్పుట సులభము. పాడేరు కొండల మీది వానకును భీమిలి తీరపు వానకును పోలిక లేదు. అచటి సూచన చూచి ఇచట మందు చల్లినచో, మందును చినుకులు కడిగివేయవచ్చును. సలహా చదువుటకు ముందు తెర పైభాగమున జిల్లా పేరు చూడుడు. తప్పుగా ఉన్నచో యాప్‌ను మూసివేయక, వెనుక గుర్తును ఒక్కొక్కసారి నొక్కుచు, ప్రతి నొక్కు తరువాత ఏ తెర వచ్చెనో గమనింపుడు. జిల్లా మార్చు చోటు వచ్చిన వెంటనే ఆగి సరిచేసికొనుడు. రెండు మూడు రోజులు ఇట్లు చేసినచో వ్రేలు తానే నేర్చుకొనును. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు, కాని ఫోను మాత్రము మీ చేతిలోనే ఉండనిండు.

రాష్ట్ర ప్రభుత్వము 2025 జనవరి 30న ప్రారంభించిన 'మన మిత్ర' సేవ వాట్సాప్‌లో నడచును. అది సంభాషణ రూపములో ఉన్నందున దానిలో దారి వేరు. సంభాషణలో వెనుక గుర్తు నొక్కినచో మునుపటి ప్రశ్నకు పోరు, వాట్సాప్‌లోని పేర్ల జాబితాకు వత్తురు. వచ్చిన సందేశములు మాత్రము ఎచటికిని పోవు. తప్పు సేవను ఎన్నుకొన్నచో తిరిగి 'హాయ్' అని పంపి, సేవల జాబితాను మరల తెప్పించుకొనుట తేలిక.

వెనుకకు రానీయని పుటలు

కొన్ని పుటలు కావలెననియే వెనుకకు రానీయవు. ట్రాక్టరు బహుమతి వచ్చినదనియో, సబ్సిడీ మంజూరైనదనియో వచ్చు లంకెను నొక్కగా ఒక పుట తెరుచుకొనును. వెనుక గుర్తును ఎన్నిసార్లు నొక్కినను తిరిగి అదే పుట వచ్చును. ఆ పుట చేసినవారు దొంతరలో తమ పుటనే పదేపదే పేర్చి ఉంచుట ఇందుకు కారణము. కంగారుపడి అందులోని 'సరే', 'మూయుము' వంటి మీటలను నొక్కరాదు. అవియు వారు పెట్టినవే. యాప్‌ల వరుస చూపు గుర్తును నొక్కి, ఆ పలకను పైకి త్రోసివేసినచో బ్రౌజరు మూసికొనును. తిరిగి తెరచినపుడు అదే పుట ఉన్నచో ఆ ట్యాబును తీసివేయుడు. అచట ఖాతా వివరములు ఇచ్చియుండి సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. సైబరు మోసములకై ఏర్పరచిన జాతీయ నంబరు అది. ఎంత త్వరగా చెప్పినచో సొమ్మును నిలుపుటకు అంత వీలు.

సొమ్ము చెల్లింపు వద్ద

ఇక మన సోదరి సంగతికి వత్తము. 2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతిలో చెల్లింపునకు హద్దురాయి రహస్య సంఖ్య కొట్టు తెర. ఆ తెర వరకు ఎన్నిసార్లైనను వెనుకకు రావచ్చును. పేరు తప్పినను, మొత్తము తప్పినను వచ్చి దిద్దుకొనవచ్చును. అందువలననే ఆ తెరలో పైన కనబడు పేరును, మొత్తమును ఒకసారి చదివి మరీ సంఖ్య కొట్టవలెను. సంఖ్య కొట్టి సరే యన్న తరువాత వెనుక గుర్తుకు పని లేదు. చక్రము తిరుగుచున్నచో తిరుగనిండు. నెట్‌వర్కు మందముగా ఉన్నచోట్ల అది సహజము.

ఎంతకును తేలకున్నచో యాప్‌ను నడిమి గుర్తుతో మరుగుపరచి, తిరిగి తెరచి, లావాదేవీల చరిత్ర చూడవలెను. అచట మూడింటిలో ఒక మాట ఉండును. చెల్లింపు జరిగినదని, విఫలమైనదని, లేక 'పెండింగ్' అని. పెండింగ్ అని ఉన్నంతవరకు అదే దుకాణమునకు అదే మొత్తమును రెండవసారి పంపరాదు. దుకాణదారు తొందరపెట్టినచో నగదు ఇచ్చుటయో, సరకు అచట ఉంచి వచ్చుటయో మేలు.

ఖాతా నుండి సొమ్ము తీసివేయబడి అవతలివారికి చేరనపుడు ఏమగునో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్ణయించినది. మనిషికి పంపినదైనచో మరుసటి రోజులోగా, దుకాణమునకు చెల్లించినదైనచో అయిదు రోజులలోగా సొమ్ము తిరిగి ఖాతాలో పడవలెను. గడువు దాటినచో రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారము కూడ ఇవ్వవలెను. లావాదేవీ సంఖ్యతో బ్యాంకులో గాని యాప్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చును. ఆ సంఖ్య చరిత్రలో ఉండును. బ్యాంకు సందేశములను చదివిన వెంటనే తుడిచివేయువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆనాడు ఆమె ఫోనులో చరిత్ర తెరచి చూచితిమి. మొదటి చెల్లింపు ఎదుట పెండింగ్ అనియు, రెండవదాని ఎదుట జరిగినదనియు ఉన్నది. దుకాణదారు చెప్పినది సరిపోయినది. ఆమె ఆ చరిత్రలోని సంఖ్యను ఒక కాగితము మీద వ్రాయించుకొని, సంచిలో విత్తనముల పొట్లముతో పాటు పెట్టుకొన్నది. "మరి సాయంత్రం కూలోళ్లకేటి సెప్పాలి బాబూ?" అన్నది. ప్రక్క కొట్టులో ఆకుకూరలు అమ్ముకొను మరియొక రైతు సోదరి తన అమ్మకపు సొమ్ము నుండి 1,500 చేతిబదులు ఇచ్చినది. కూలీలకు ఆ సాయంత్రము ముట్టినవి. మూడవ రోజున మొదటి 1,460 రూపాయలు ఖాతాలో తిరిగి పడినవి. ఆ సందేశము చూపుటకు ఆమె తానే వచ్చినది. వెనుక గుర్తు నొక్కి తెరలన్నిటిని తానే దింపుకొనుచు సందేశముల వరకు వచ్చి, మధ్యలో ఒకసారి ఆగి, "ఇది పైది, దీని కిందది సూపించాల" అని చెప్పి మరల నొక్కినది. చేతిబదులు ఆ మధ్యాహ్నమే తీర్చివేసినది, ఫోనుతో కాదు, నగదుగానే.

పంటల సందేహములకు కిసాన్ కాల్ సెంటరు ఉచిత నంబరు 1800-180-1551. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులోనే సమాధానము చెప్పుదురు. మాటలాడుచు తెర చూడవలసి వచ్చినచో నడిమి గుర్తును నొక్కవచ్చును, పిలుపు తెగిపోదు.